బుద్ధాల వారి సగటు చేప

తూములపాడులో బుద్ధాల వారిదొక ఇల్లుండేది. ఇంటిపేరులోనే బుద్ధి ఉంది కదా, ఇక ఒంట్లో వేరే ఎందుకని దేవుడు ఊరుకున్నాడేమో తెలీదు గానీ, వాళ్ళు మాత్రం ఊరందరి తెలివీ తమ ఇంట్లోనే ఉందని గట్టిగా నమ్మేవారు. ఇంటి పెద్ద తాతబ్బాయి. ఆయన భార్య పాపాయమ్మ అయిదో తరగతి దాకా చదివింది, భాగహారాలు నోటితో చేసేది. తమ్ముడు బులిశేషు, పెళ్ళి కాలేదు, మనిషి అరవై కిలోలుంటాడు. వీళ్ళందరి మీదా తల్లి నూకాలమ్మ.

"మాట అంటే మాటే. దానికి తోకలు తగిలించకూడదు" అనేవాడు తాతబ్బాయి. ఒకసారి పక్కింటివాళ్ళు ఊరెళ్తూ, మా ఇల్లు కాస్త చూస్తుండండని చెప్పి వెళ్ళారు. నలుగురూ అరుగు మీద కూర్చుని రెప్ప వెయ్యకుండా ఆ ఇంటినే చూశారు. దొంగలు బిందెలూ గంగాళాలూ మోసుకుపోవడం కూడా చూశారు. పక్కింటివాళ్ళు తిరిగొచ్చి లబోదిబోమంటుంటే తాతబ్బాయికి అర్థం కాలేదు. ఇల్లు అక్కడే ఉంది కదా.

వాళ్ళ బతుకుతెరువంతా రోడ్డు పక్కనున్న చేపల చెరువు. అందులో బొచ్చెలూ శీలావతులూ పెంచేవారు. తాతబ్బాయికి ఆ చేపలంటే ప్రాణం. ఆ ఏడు చేపలు సరిగా ఎదగడం లేదని దిగులుపడుతుంటే, మత్స్యశాఖ నుంచి సౌదామిని మేడమ్ అని ఒకావిడ స్కూటర్ మీద వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరింది, చాలా చదువుకుంది, చాలా తొందరగా మాట్లాడుతుంది.

ఆవిడ గట్టు మీద నిలబడి అంతా వివరంగా చెప్పింది. చెరువులో చేపలన్నిటినీ తూచక్కర్లేదట, మచ్చుకి పది చాలట. ఇది లావుగా ఉంది, అది సన్నంగా ఉందని ఏరకూడదట. చూడకుండా పట్టాలట, వల్లో ఏది పడితే అది తూచాలట. మొత్తం బరువుని పదితో భాగిస్తే సగటు చేప బరువు వస్తుందట, దాన్ని బట్టి మేత వెయ్యాలట.

"పది చేపల్ని చూస్తే చెరువంతా చూసినట్టే తాతబ్బాయి గారూ" అని చెప్పి స్కూటర్ ఎక్కింది. వాళ్ళకి ఏం అర్థమైందో అడగలేదు. అవతల ఇంకా మూడు ఊళ్ళున్నాయి మరి.

అంతే. నలుగురూ కళ్ళకి తువ్వాళ్ళు కట్టుకున్నారు. చూడకుండా పట్టమంది కదా. నూకాలమ్మ గట్టు మీంచి వల విసిరింది, మిగతా ముగ్గురూ నీళ్ళలోకి దిగి తడిమారు. మొదట బురద పడింది, తర్వాత తాటిమట్ట పడింది. తాతబ్బాయికి ఏదో జారుడుగా చేతికి తగిలితే గట్టిగా పట్టుకున్నాడు. అది పాపాయమ్మ కాలు. చివరికి ఒక విసురుకి వల బరువెక్కింది, నలుగురూ కలిసి లాగారు. లాగేవాళ్ళు ముగ్గురే ఉన్నట్టనిపించింది గానీ ఎవరూ పట్టించుకోలేదు. తువ్వాళ్ళు విప్పి చూస్తే వల్లో తొమ్మిది చేపలూ బులిశేషూ ఉన్నారు.

నన్ను వదిలేయండని బులిశేషు అన్నాడు. తాతబ్బాయి ఒప్పుకోలేదు. "ఏరకూడదన్నారు మేడమ్ గారు. తమ్ముడని నిన్ను వదిలేస్తే లెక్కలో పక్షపాతం వస్తుంది."

ఇంకేముంది. తొమ్మిది చేపలతో పాటు బులిశేషుని కూడా కాటాకి వేలాడదీసి తూచారు. చేపలన్నీ కలిపి నాలుగున్నర కిలోలు, బులిశేషు ఒక్కడూ అరవై. పాపాయమ్మ పదితో భాగించింది. సగటు చేప ఆరున్నర కిలోలకి రవ్వంత తక్కువ. భాగహారంలో ఒక్క తప్పు లేదు.

తాతబ్బాయికి పట్టలేని సంతోషం వేసింది. చేపలు ఎదగడం లేదని ఇన్నాళ్ళూ ఎంత బెంగపడ్డాడు. అంతంత చేపలకి ఇన్నాళ్ళూ పిడికెడు మేతేసి కడుపులు మాడ్చామే అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ పూటే ఇంట్లో ఉన్న తవుడంతా చెరువులో పోశారు. అటక మీది వేరుశనగ చెక్కంతా వేశారు. చాలకపోతే గేదె దాణా కూడా వేశారు. గేదె వాళ్ళ వంక చూసింది గానీ ఏమీ అనలేదు. తూచిన తొమ్మిది చేపల్ని మాత్రం మర్యాదగా ఇంటికి తెచ్చి పెరట్లో నీళ్ళ గోళెంలో వేశారు.

మేత కుళ్ళింది. నీళ్ళు ఆకుపచ్చగా మారి వాసనేశాయి. ఊపిరందక చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరిచాయి. "చూశావా, ఇంకా పెట్టమని నోరు తెరిచి అడుగుతున్నాయి" అని నూకాలమ్మ తన అన్నం కుండ కూడా తెచ్చి బోర్లించింది.

వారం తిరక్కుండా సౌదామిని మళ్ళీ వచ్చింది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని జరిగిందంతా విన్నది. తర్వాత చాలా ఓపిగ్గా చెప్పింది. పది అంకెల్లో తొమ్మిది ఒక్క తీరుగా ఉండి ఒకటి మాత్రం ఎక్కడో దూరంగా ఉంటే, దాన్ని పక్కన పెట్టెయ్యాలి. ఆ ఒక్కటీ సగటుని పాడు చేస్తుంది.

"ముందు మీ తమ్ముణ్ణి లెక్కలోంచి తీసెయ్యండి. ఆ తర్వాత నీళ్ళు మార్చండి, ఆలస్యం చేస్తే ఒక్క చేప మిగలదు" అని మళ్ళీ స్కూటర్ ఎక్కింది.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర మూడు విస్తళ్ళే వేశారు. బులిశేషు వచ్చి నిలబడితే తాతబ్బాయి తల తిప్పుకున్నాడు. సొంత తమ్ముడే, అయినా మేడమ్ గారి మాట. బులిశేషు, నేను సగటు పాడు చేశాను వదినా అని తనే వెళ్ళి చెరువు గట్టు చివర, మిగతావాళ్ళకి దూరంగా కూర్చున్నాడు. నూకాలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కొడుకుని పిలవలేదు గానీ, మూత తీసిన అన్నం కుండొకటి గట్టు మీద మర్చిపోయినట్టు వదిలేసి వచ్చింది.

ఇక నీళ్ళు మార్చడం. తూము తలుపు దగ్గర తాతబ్బాయి చాలాసేపు నిలబడ్డాడు. తూము ఎత్తితే నీళ్ళతో పాటు చేపలూ పోతాయని ఆయనకీ తెలుసు. అవన్నీ వేలెడంత ఉన్నప్పుడు ఆయన తెచ్చి వేసినవి. చెయ్యి రాలేదు.

పాపాయమ్మ వచ్చి ధైర్యం చెప్పింది. పది చూస్తే చెరువంతా చూసినట్టేనని మేడమ్ గారే అన్నారు కదా. ఆ పదిలో ఒకణ్ణి లెక్కలోంచి తీసెయ్యమన్నదీ ఆవిడే. మిగిలినవి తొమ్మిది, అవి గోళెంలో క్షేమంగా ఉన్నాయి.

"అంటే చెరువంతా మన పెరట్లోనే ఉందండీ. ఇక్కడున్నది ఉత్త నీళ్ళే."

తాతబ్బాయి మనసు కుదుటపడింది. తూముకున్న ఇనప జాలీ నీళ్ళకి అడ్డమని పీకి పారేశాడు, తలుపు మొత్తం ఎత్తేశాడు. అంతే, నీళ్ళూ చేపలూ కలిసి రోడ్డు కింది గొట్టంలోంచి అవతలికి ఉరికాయి.

అవతల విస్సంరాజు గారి చెరువుంది. ఆయన కొత్తగా తవ్వించి, నీళ్ళు పెట్టి, చేపపిల్లలు ఎక్కడ తేవాలా అని ఆలోచిస్తున్నాడు. గొట్టం మూతికి వల కట్టి, దొరికిన చేపల్ని దొరికినట్టు తన చెరువులో వేసుకున్నాడు. తడిసి ముద్దయి గంపలు మోస్తున్న ఆయన్ని చూసి తాతబ్బాయికి జాలేసింది. పాపం, లెక్కలు రాని మనిషి, లేని చేపల కోసం ఎంత కష్టపడుతున్నాడో అనుకున్నాడు.

కాలవ నీళ్ళు పెట్టి, పసుపూ కుంకుమా చల్లి, తొమ్మిది చేపల్నీ చెరువులో వదిలారు. కొంగలకి కబురందినట్టుంది. రెండు రోజుల్లో చెరువు శుభ్రమైంది. అయినా తాతబ్బాయి పంట కాలం దాకా కాపలా కాశాడు.

పంటయ్యాక పంచాయతీ ఆఫీసు వరండాలో మీటింగ్ పెట్టారు. పట్నం నుంచి పెద్దాఫీసరు గారు జీపులో వచ్చారు. విస్సంరాజు రెండు టన్నులు పట్టాడు, తాతబ్బాయి సున్నా. పెద్దాఫీసరు రెండూ కలిపి రెండుతో భాగించి, మైకు ముందు గొంతు సవరించుకున్నారు. తమ శాఖ సలహాల వల్ల ఈ ఊళ్ళో చెరువుకి సగటున ఒక టన్ను చేప పండిందన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇద్దరు రైతులకీ చెరొక శాలువా కప్పారు. సౌదామిని మాత్రం నేల వంక చూస్తూ కూర్చుంది.

తాతబ్బాయి శాలువాతో నిలబడి చుట్టూ చూశాడు. తన టన్ను ఎక్కడా కనపడలేదు. విస్సంరాజుని అడిగితే, సగటులో ఉంది బాబాయ్ అని ఆయన మీసం చాటున నవ్వాడు. సగటు ఎక్కడుంటుందని తాతబ్బాయి పెద్దాఫీసరునే అడిగాడు. ఆయన కాఫీ ఊదుకుంటూ, "ఆయన దగ్గర ఎక్కువుంది, నీ దగ్గర తక్కువుంది. రెండింటికీ సరిగ్గా మధ్యలో ఉండేదే సగటు. తెలిసిందా?" అన్నాడు.

తెలిసింది. తాతబ్బాయి పరుగున ఇంటికొచ్చాడు. రెండు చెరువులకీ సరిగ్గా మధ్యలో ఉన్నది రోడ్డు. ఆఫీసర్లంతా విస్సంరాజు గారింట్లో చేపల పులుసుతో భోజనం చేస్తుంటే, బుద్ధాల వారు గడ్డపారలతో రోడ్డు మీద పడ్డారు. లెక్కలో లేకపోయినా బులిశేషు కూడా సాయం పట్టాడు. నడుం లోతు తవ్వేసరికి తడి తగిలింది. తడి ఉంటే చేప ఉంటుంది కదా. ఎర్రటి ఎండలో చెమటలు కారుతున్నా తాతబ్బాయికి అంత హాయి ఏనాడూ లేదు. పోయాయనుకున్న చేపలు కాళ్ళ కిందే ఉన్నాయి. వల తేవడానికి ఇంటికి వెళ్తూ, ఈలోగా కాకులు ఎత్తుకుపోతాయేమోనని గొయ్యి మీద తాటాకులు కప్పి, పైన మట్టి చల్లారు.

వల భుజాన వేసుకుని వస్తుంటే దూరాన్నుంచి ధనేలుమని చప్పుడు వినపడింది. పరుగెత్తుకొచ్చారు. పెద్దాఫీసరు గారి జీపు ముందు చక్రాలు రెండూ గోతిలో, వెనక చక్రాలు గాల్లో. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ, తలుపులు మట్టిలో ఇరుక్కుని రావడం లేదు.

తాతబ్బాయి జీపు చుట్టూ తిరిగాడు. వెనకవైపు ఎత్తి చూశాడు, కదల్లేదు. భార్య వంక చూశాడు.

"టన్ను ఉంటుందంటావా?"

పాపాయమ్మ తలుపు మీద చెయ్యేసి కాసేపు ఆలోచించింది. "రవ్వంత ఎక్కువే ఉంటుందండీ."

ఇంకేముంది, నలుగురూ కలిసి జీపు మీద వల కప్పి, నాలుగు వైపులా ముళ్ళు వేశారు. పెద్దాఫీసరు వల కంతల్లోంచి ముక్కు బయటపెట్టి, ఏం చేస్తున్నారయ్యా మీరు అని అరిచాడు.

తాతబ్బాయి తువ్వాలు నడుముకి చుట్టుకుని రెండు చేతులూ జోడించాడు. "మీరిచ్చిందేనండి, ఆయ్. నా టన్ను మధ్యలో ఉందని చెప్పినవాళ్ళు మీరొక్కరే."

అప్పటికే నూకాలమ్మ కత్తిపీటా బూడిదా తెచ్చుకుని జీపు ముందు చతికిలబడింది. దీపాల మీద పిడికెడు బూడిద చల్లి, పొలుసు పోయేలా తోమడం మొదలుపెట్టింది. తోముతూనే పెద్ద కొడుకుని అడిగింది.

"ఒరేయ్ అబ్బాయ్, లోపల ఇంకా కదులుతోంది. చచ్చాక కొయ్యనా, ఇప్పుడే కొయ్యనా?"