గవరయ్య కాలు, అందరి మందు

సంత వీధిలో గవరయ్య ఇంట్లో నలుగురూ తెలివైనవాళ్ళే. ఆ సంగతి వాళ్ళే చెబుతారు. దర్జీ గవరయ్య, పెళ్ళాం పైడమ్మ, తమ్ముడు సన్యాసి, తల్లి అసిరమ్మ. నలుగురూ కూర్చుని ఆలోచించనిదే ఆ ఇంట్లో కూరలో ఉప్పు కూడా పడదు. మా చుట్టాలే, దాచుకోవడమెందుకు.

ఒకరోజు గవరయ్య కుడికాల్లో తుప్పుపట్టిన మేకు దిగింది. కుట్టు మిషను తొక్కే కాలది. బడి తెరిచేలోగా పిల్లల యూనిఫారాలన్నీ కుట్టాలి. ఆ కాలు ఆగితే ఇంట్లో పొయ్యి ఆగిపోతుంది.

“సర్కారాసుపత్రికి పోదాం” అన్నాడు సన్యాసి.

“వొద్దురా. రోడ్డుకి అడ్డమని సర్కారోళ్ళు మన అరుగు కొట్టేసినారు. కాలు చూపిస్తే ఊరుకుంతారేటి?” అంది అసిరమ్మ.

గవరయ్యకీ నిజమేననిపించింది. అంత అరుగునే ఉంచనివాళ్ళకి తన కాలొక లెక్కా? చివరికి నలుగురూ కూర్చుని, ముందు మంచికాలు చూపించి, వాళ్ళ వాలకం కనిపెడదామనుకున్నారు. అంతే, డాక్టరమ్మ ముందు గవరయ్య ఎడమకాలు చాపాడు.

“ఈ కాలు బాగానే ఉందిగా” అందావిడ.

చూపుతోనే బాగుచేసేసిందని నలుగురూ మురిసిపోతూ ఇల్లు చేరారు. కుడికాలు మాత్రం సాయంత్రానికి బూరెలా పొంగింది.

మర్నాడు ఆ కాలు చూపక తప్పలేదు. నర్సమ్మ గాయం కడిగి, సూది వేసి, కట్టు కట్టి, పది మాత్రలు చేతిలో పెట్టింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఐదు రోజులు వేసుకోమంది.

బయటికొస్తుంటే గోడమీద రాత కనబడింది. సన్యాసి కూడబలుక్కుని చదివాడు. ‘ఈ ఆసుపత్రి ప్రజలందరిదీ.’ ఇంకేముంది, నలుగురూ అక్కడే ఆగిపోయారు.

“అందరి మందూ నానొక్కడినే మింగితే పాపం కాదేటి?” అన్నాడు గవరయ్య.

ఇంటికెళ్ళి మాత్రలు తలా రెండు పంచాడు. మిగిలిన రెండిటినీ కత్తెరతో సగాలు చేశాడు. కొలతల్లో గవరయ్యకి తిరుగులేదు. ఇక కట్టు? అదీ అందరిదే కదా. ఒకరోజు అసిరమ్మ కాలికి, ఒకరోజు సన్యాసి కాలికి. పైడమ్మ వంతు వచ్చేసరికి కడియాలు అడ్డొచ్చి మోచేతికి చుట్టుకుంది.

ఐదోరోజుకి గవరయ్యకి కాలు నేలమీద మోపడమే గండమైంది. “ఊరికే ఇచ్చే మందుకి గుణముండదని ఊరంతా ఊరికే అన్నారేటి?” అని వాకిట్లో కూర్చుని కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు. విన్నవాళ్ళు కూడా నిజమేనని తలలూపారు. మన తలలే కదా, ఊపడానికి ఎప్పుడూ సిద్ధం.

చివరికి మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళితే, నర్సమ్మ కాలు చూసి ఉలిక్కిపడింది. “మాత్రలన్నీ వేసుకున్నావా?”

“ఒక్కటీ వదల్లేదమ్మా. నలుగురం సమానంగా వేసుకున్నాం.”

నర్సమ్మ నీళ్ళగిన్నె ముందుకు లాక్కుంది. “దెబ్బ తగిలినవాళ్ళకే మందు. తగలనివాళ్ళు తింటే ఎలాగయ్యా? ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే ఈ కాలు నీకు దక్కదు” అని మళ్ళీ కడిగి, కట్టి, మళ్ళీ మాత్రలిచ్చింది. రేపు వచ్చి చూపించమంది.

గవరయ్యకి కళ్ళనీళ్ళు తిరిగాయి. తనొక్కడి కాలికోసం ఇంత పాటుపడుతున్న మనిషి ఇచ్చిన మందుని వీధిలో ఎన్ని మాటలన్నాడు. దారిపొడుగునా నలుగురూ తమని తామే తిట్టుకున్నారు.

“మందు మంచిదే. మన బుర్రలే మంచివి కావు” అన్నాడు గవరయ్య.

“దెబ్బ లేకండా మందు తిన్నాం. ఎంత సిగ్గు” అంది అసిరమ్మ.

“ఈ తప్పు దిద్దుకోవాల” అంది పైడమ్మ. ఆ రోజు అన్నం కూడా మాని ఆలోచించారు.

మర్నాడు నర్సమ్మ తలెత్తేసరికి ఎదురుగా నలుగురూ కుంటుతూ నిలబడి ఉన్నారు. ముందు గవరయ్య, వెనక తల్లి, తమ్ముడు, పెళ్ళాం.

“మీరు చెప్పినాక బుద్ధొచ్చిందమ్మా,” అన్నాడు గవరయ్య వినయంగా. “ఇకనుంచి దెబ్బ లేనోళ్ళెవరూ మీ మందు ముట్టరు. అందుకే మావోళ్ళు ముగ్గురూ వరసలో నిలబడి, తోసుకోకండా, ఆ మేకే తొక్కినారు.”

జేబులోంచి మేకు తీసి, తుడిచి, బల్లమీద పెట్టాడు.

“దీన్నిక్కడే ఉంచండమ్మా. వెనకొచ్చినోళ్ళకి అక్కరకొస్తాది. అందరిదీ కదా.”