ఎరుపు, ఇటుక, గంజి

ఏ ఏడో చెప్పగలవాళ్ళు లేరు గానీ తిథి మాత్రం అందరికీ తెలుసు. భాద్రపద బహుళ విదియ, బుధవారం. పొద్దున్నుంచి ముసురు. గెడ్డ పొంగి చాకిరేవు బండలు మునిగాయి. అలాంటి ముసురులో ఉతికిన బట్ట మూడు రోజులైనా ఆరదు, ఊరంతా ముక్కిన బట్టల వాసన. పోనీ, కథకు వద్దాం.

ఆ రోజు చాకలి నూకాలు మైలబట్టల మూట కోసం తవిటమ్మ ఇంటికి వెళ్ళింది. తవిటమ్మ కోడలు వరహాలుకి ఆడపిల్ల పుట్టి పదహారో రోజు. ఆ ఊళ్ళో పదకొండో నాటి స్నానంతో పురుడు ముగుస్తుంది. ఆ తర్వాత మైలగుడ్డ కనిపించకూడదు. వరహాలు గుడ్డ మీద ఇంకా మరక ఉంది.

పెరటి పొయ్యిలో కొడవలి ఎర్రగా కాలుతోంది.

"ఎవరికమ్మా?" అంది నూకాలు.

"కోడలికి. దానికేదో పట్టింది. పొత్తికడుపు మీద మూడు వాతలు."

నూకాలు మూట మీదకు వంగింది. ఒకరి గుడ్డల సంగతి మరొకరి ముందు చెప్పకపోవడం చాకలి కట్టుబాటు.

"నాకు పదకొండో నాటికే ఆగింది. మా అత్తకీ అంతే," అంది తవిటమ్మ.

తవిటమ్మ కొడవలి పిడికి గుడ్డ చుట్టింది. లోపల్నుంచి వరహాలు, "వద్దత్తా," అంటోంది.

"మీ గుడ్డలు ఉతికింది నేనే కదమ్మా," అంది నూకాలు. "పెద్దబాబు పుట్టినప్పుడు ముప్పై ఏడో నాటి దాకా. మీ అత్తగారివి మా అమ్మ ఉతికింది. నలభై నాళ్ళు."

తవిటమ్మ చప్పున పెరటి అరుగు వైపు చూసింది. అరుగు మీద ఆమె మొగుడు చుట్ట నోట్లోంచి తీసి అలాగే ఉండిపోయాడు.

"సిగ్గులేదటే, మగాళ్ళ ముందర?"

"సిగ్గు తర్వాత పడతానమ్మా. ముందా కొడవలి దించండి. మొదట మూడు నాలుగు రోజులు ఎరుపు. తర్వాత ఇటుక నీళ్ళ రంగు. ఆ తర్వాత గంజి రంగు. ఆరు వారాలు పట్టినా పడుతుంది. గంటకో గుడ్డ తడిసి ముద్దయినా, నిమ్మకాయంత గడ్డలు పడినా, కుళ్ళు కంపు కొట్టినా, జ్వరం వచ్చినా బండి కట్టి వైద్యుడి దగ్గరకు పరుగెత్తండి. ఇది అలాంటిది కాదు."

"మరి పదకొండని నాతో ఎందుకన్నావే?" అన్నాడు మొగుడు.

"మీ అమ్మకి భయపడి," అంది తవిటమ్మ. కొడవలి కుడితి తొట్టిలో పడి బుస్సుమంది.

ఆ ఇంటి మూట మళ్ళీ నూకాలుకి పడలేదు. కానీ ఊరి ఆడవాళ్ళు ఒక్కొక్కరే రేవుకొచ్చి అడగడం మొదలెట్టారు. ఇప్పటికీ అక్కడ బాలింతను "ఆగిందా?" అని ఎవరూ అడగరు. "ఎరుపా, ఇటుకా, గంజా?" అంటారు.

నూకాలు పోయాక గాడిద పెద్దకొడుక్కి, రాగి బాన చిన్నకోడలికి, రేవులో బండ కూతురికి వచ్చాయి. వరహాలుకి ఏమీ రాలేదు. పొత్తికడుపు మీద మచ్చయినా రాలేదు.