నూకాలు వెతికిన తొక్కలు

దివానుగారు పటం గీసి, ఊళ్లోని చిల్లర కొట్లన్నీ తెచ్చి కోట ముందు వరసగా పెట్టించాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది, కొనేవాడే లేడు. వర్తకులు ఈగలు తోలుకుంటూ కూర్చున్నారు.

"రోజూ వీధివీధీ కాలినడకన తిరిగేవాణ్ణి, కొట్లు ఎక్కడ పెట్టాలో నాకు తెలీదా? తప్పు మీ బద్ధకానిది. పున్నమిలోగా బేరాలు సాగకపోతే ఊరు వదిలిపోండి!" అని ఉరిమాడు దివాను.

వేయించిన వేరుసెనక్కాయలమ్మే నూకాలు నేరుగా రాజుగారి దగ్గరికెళ్లింది. "మూడ్రోజులు ఊళ్లో ఎవరూ చీపురు పట్టకూడదని చాటింపు వేయించండి ప్రభూ, చాలు," అంది. రాజు నవ్వి సరేనన్నాడు.

ఆ మూడ్రోజులూ ఆమె ఊరంతా తిరిగి కాయలమ్మింది. నోట్లో కాయ లేనిదే క్షణం ఉండలేని దివానుకి ఎప్పటిలాగే రోజూ మానెడు కాయలు పంపింది.

నాలుగోనాడు రాజునీ దివాన్నీ వెంటబెట్టుకుని బయలుదేరింది. కోట ముందు ఒక్క తొక్కా లేదు. పడవల రేవులో మాత్రం చీలమండల దాకా తొక్కలే.

"కోట దగ్గర భటుల ఈటెలు చూసి జనం తలొంచుకు పోతారు ప్రభూ. ఇక్కడైతే పడవ కోసం నిలబడి, కాయలు ఒలుచుకుంటూ కబుర్లాడతారు. జనం నిలిచే చోటే కదా బేరం?"

"కొట్లు రేవుకి మార్చండి!" అన్నాడు రాజు.

దివాను ముఖం మాడ్చుకున్నాడు. "రోజూ తిరుగుతున్నానే, నాకెప్పుడూ ఇక్కడ పిట్ట కూడా కనబడలేదు."

"మీ తొక్కల జాడా వెతికాను దొరా," అంది నూకాలు. "మూడు మానికల కాయల తొక్కలూ మీ ఉయ్యాలబల్ల కిందే ఉన్నాయి."