మంద్రవీణకు సింహాసనం

కొండవాగు సీమను ఏలిన మల్లభూపతికి సంగీతమంటే ప్రాణం. తనకు తట్టిన ఆలోచనలంటే అంతకన్నా ప్రాణం. ఒకనాడు నిండు సభలో ఆయనకు ఓ ముచ్చట పుట్టింది.

"వీణను కూర్చునే ఎందుకు వాయించాలి? ఈసారి వసంతోత్సవం ఊరేగింపులో నా ఏనుగు ముందు వీణ నడవాలి. ఆ నాదం మబ్బు ఉరిమినంత లోతుగా మోగాలి!"

రాజు తలుచుకుంటే కొదవేముంది? లావుపాటి తీగలతో, పొడుగాటి దండితో మంద్రవీణ తయారైంది. మోయడానికి తేలిగ్గా ఉంటుందని నాదం పలికే కుండను చిన్నదిగా, పల్చగా తొలిచారు. దండి చివర మాత్రం రాజుగారు స్వయంగా బొమ్మ గీసి మరీ వెండి సింహం తల పోత పోయించారు. అది ఆయన రాజముద్ర. భుజాన తగిలించుకోవడానికి సన్నటి జరీతాడు కట్టించారు.

వాయించే పని ఆస్థానంలోని అలివేలుకు అప్పగించారు. ఊరేగింపులో రాజుగారి ముందు నడిచే భాగ్యం అంతకుముందు ఏ ఆడమనిషికీ దక్కలేదు. వేళ్లు బొబ్బలెక్కేదాకా ఆమె తన పాత వీణ మీద సాధన చేసింది.

సభలో పరీక్ష పెట్టారు. అలివేలు వీణ తగిలించుకుని ఒక్క తీగ మీటింది. సభ మొత్తానికి గుండెల్లో మోగినట్టైంది. "భళా!" అన్నారు రాజుగారు.

అంతలో స్వరం మార్చబోయి ఆమె ఎడమచెయ్యి కాస్త వదిలింది. అంతే! దండి కిందికి వాలి, సింహం ముక్కు నేలకు కొట్టుకుంది. ఠంగ్!

ఎత్తి పట్టుకుంది. మళ్లీ వాలింది. దండిని మోసే చెయ్యి వీణ మెట్ల మీద ఎలా ఆడుతుంది? పైగా జరీతాడు భుజాన్ని కోసేస్తోంది.

తప్పెక్కడుందో సభలో చాలామందికి తెలుసు. కానీ రాజుగారు గీసిన సింహం బరువైందని అనేదెవరు?

ఆస్థాన విద్వాంసుడు శరభయ్యశాస్త్రి మీసం సవరించుకుంటూ లేచాడు. ఊరేగింపులో ఆ చోటు తన అల్లుడికి ఇప్పించాలని ఆయనకు ఎప్పటినుంచో ఉంది.

"మహాప్రభూ, వాద్యంలో లోపమేమీ లేదు. ఎదుట నాలాంటి విద్వాంసుడుంటే మంచి వాద్యం దానంతటదే తలవంచి మొక్కుతుంది. దాన్ని నిలబెట్టే విద్య ఈ పిల్లకు లేదు. మా అల్లుడికి ఇప్పించండి, క్షణంలో నిలబెడతాడు."

రాజుగారు ఆలోచనలో పడ్డారు. అలివేలు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు లేచాడు కోనప్ప. రాజుగారిని నవ్వించే చనువూ, నవ్విస్తూనే నిజం చెప్పే నేర్పూ ఉన్న కొలువుకాడు.

"ప్రభూ, శాస్త్రిగారి మాట తేల్చాలంటే విద్య లేదని ఎవరూ అనలేని మనిషి మెడలో వేసి చూడాలి. ఈ సభలో అలాంటి మనిషి తమరొక్కరే."

రాజుగారు ఉబ్బిపోయారు. గద్దె దిగి వచ్చి, వీణ తగిలించుకుని, చెయ్యి వదిలారు.

ఠంగ్! కాలి బొటనవేలికి దెబ్బ వెంట్రుకవాసిలో తప్పింది.

"అబ్బా! ఇది తాడా, రంపమా?" అంటూ భుజం రుద్దుకున్నారు రాజుగారు.

కోనప్ప బుగ్గలు నొక్కుకున్నాడు.

"శాస్త్రిగారు అన్నంతా అయింది ప్రభూ! తమ మెడలో ఉండి కూడా తమ సింహం శాస్త్రిగారికే మొక్కింది!"

రాజుగారి కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏమయ్యా శాస్త్రీ, నా రాజముద్ర నీకు దణ్ణం పెడుతోందా?"

శాస్త్రికి ముచ్చెమటలు పోశాయి. "అపచారం, అపచారం! మొక్కడం కాదు ప్రభూ, బరువు! ఆ సింహం బరువుకు దండి వాలిపోతోంది. ఎవరి మెడలో వేసినా వాలుతుంది!"

"అలివేలు మెడలో వేసినా అంతేనా?" కోనప్ప అమాయకంగా అడిగాడు.

"ఎవరి మెడలోనైనా అంతే! ఇందులో విద్య ప్రసక్తే లేదు!"

అలివేలు చప్పున కళ్లు తుడుచుకుంది. కానీ రాజుగారి ముఖం ఇంకా ఎర్రబడింది.

"అయితే నా సింహానిదా తప్పు?"

కోనప్ప చేతులు జోడించాడు.

"సింహానిది కాదు ప్రభూ, అది కూర్చున్న చోటుది. తమరు సింహం మీద కూర్చుంటారు కాబట్టి అది సింహాసనమైంది. అదే సింహం తమ నెత్తిన కూర్చుంటే తమరైనా తల ఎత్తగలరా? వీణక్కూడా ఓ సింహాసనం వేయించండి!"

రాజుగారు ఒక్క క్షణం తెల్లబోయి, ఆపైన పగలబడి నవ్వారు. వెంటనే వడ్రంగిని రప్పించారు.

వెండి సింహం దండి చివర నుంచి దిగి, కుండ అడుగున కూర్చుంది. దండి కొసన దూదిలా తేలికైన పొణికి కర్రతో చిలక తల అమర్చారు. ఒక పక్కే బరువున్న కావడి ఎవరు మోసినా ఒరుగుతుందని, రెండో పక్క సరితూగేదాకా కోనప్ప అక్కడే కూర్చున్నాడు. జరీతాడు తీసేసి, ఉన్ని కుక్కిన అరచేతి వెడల్పు తోలుపట్టీ వేయించాడు. పట్టుచీర మీద జారకుండా గరుకువైపు లోపలికి పెట్టించాడు. దండి మళ్లీ వాలకుండా పట్టీ తగిలించే కొక్కేన్ని కుండ మీంచి దండి మీదికి జరిపించాడు.

సభ మళ్లీ కూడింది. అలివేలు వీణ తగిలించుకుని రాజుగారి ఎదుట నిలబడింది. రెండు చేతులూ వదిలి, నిండుగా నమస్కారం పెట్టింది.

వీణ కదల్లేదు.

ఆ తర్వాత నడుస్తూ వాయించింది. సభాస్తంభాల చుట్టూ తిరుగుతూ, భుజం సంగతే మరిచిపోయి నవ్వుతూ వాయించింది. ఆ నాదానికి బయట కట్టేసిన ఏనుగు చెవులు నిక్కించిందట.

"ఊరేగింపులో నా ముందు నడిచేది అలివేలే!" అని తన మెడలోని ముత్యాలహారం తీసి ఆమెకిచ్చారు రాజుగారు. బంగారు కడియం తీసి కోనప్ప వైపు చాచారు.

కోనప్ప వెనక్కి తగ్గాడు.

"అది శాస్త్రిగారికి చెందాలి ప్రభూ. సింహం బరువైందని తమ ముఖాన చెప్పిన ధైర్యశాలి వారే. నాకంత గుండె ఎక్కడిది?"

సభ గొల్లుమంది. రాజుగారు నవ్వలేక పొట్ట పట్టుకుని, కడియం కోనప్ప చేతికి తొడిగి, శాస్త్రికి ఓ పట్టుశాలువా కప్పారు. దాన్ని సర్దుకుంటూ శాస్త్రి కూడా ఆఖరికి నవ్వక తప్పలేదు.