రక్తం ఎక్కించే ముందు

ఎవరైనా శిష్యురాలు సందేహం అడిగితే, సత్యవేదమ్మ గారు ముందుగా ఆ ప్రశ్నను మరొకసారి పైకి చదవమనేవారు. చాలాసార్లు ఆ రెండో చదువులోనే పిల్లకు జవాబు తట్టేది. తట్టకపోతే ఆవిడ కళ్లజోడు తీసి, చీర చెంగుతో తుడుచుకుంటూ కాసేపు ఊరుకునేవారు. అలా ఊరుకున్నారంటే ఏదో ఒక సంగతి చెప్పబోతున్నారని అందరికీ తెలుసు. కారణాలు చెప్పి ఒప్పించడం ఆవిడ పద్ధతి కాదు.

మా పట్నంలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి ఆనుకుని ఉన్న నర్సింగ్ స్కూల్లో ఆవిడ ట్యూటర్. నా ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆ పిల్లలకు కాస్త ఇంగ్లీషు చెప్పడానికి నేను అక్కడికి వెళ్తుండేవాణ్ని. నేను కాలేజీలో చదివిన రోజుల్లో ప్రశ్నలన్నీ 'వివరింపుము' అని ముగిసేవి. వివరించడానికి ఏమీ తెలియకపోయినా, దస్తూరి బాగుంటే రెండు పేజీలు నింపి బయటపడవచ్చు. తర్కశాస్త్రం నేను ఆ విధంగానే గట్టెక్కాను. ఇప్పటి ప్రశ్నలకు కింద నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమంటున్నారు. ఇది మరీ తేలిక అనుకున్నాను, నర్సింగ్ పిల్లల ప్రశ్నల పుస్తకం చూసేవరకు. అందులో మూడు తప్పులూ ఒక ఒప్పూ ఉండవు. నాలుగూ ఒప్పులే. వాటిలో నర్సు మొదట చేయవలసినది ఏది అని అడుగుతారు. సరదాకి ఒక పేజీ నేను చేసి చూశాను. నా లెక్కన ఆ పేజీలోని రోగులు ఒక్కరూ మిగలలేదు.

ఆ మధ్యాహ్నం స్కూలు గదిలో నేను ఒక మూల కూర్చుని పేపర్లు దిద్దుతున్నాను. కిటికీ దగ్గర సత్యవేదమ్మ గారూ, నీలవేణి అనే ఆఖరి సంవత్సరం అమ్మాయీ ఉన్నారు. నీలవేణి తరగతిలో మొదటిది. పొద్దున వార్డు డ్యూటీ ముగించుకుని, తెల్లబట్టలు మార్చుకోకుండానే చదువుకి కూర్చుంది. ఆ వారంలోనే ప్రభుత్వ ఉద్యోగానికి పరీక్ష ఉంది. ఆ ఉద్యోగం వస్తే ఇంట్లో ఇద్దరు చెల్లెళ్ల చదువు సాగుతుంది.

ఇంతలో ఒక ముసలమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో స్టీలు క్యారియర్.

"అమ్మా, ఒక్క మాట అడుగుదామని..." అంది.

నీలవేణి తల తిప్పి చూసింది. "ఇప్పుడు కాదు మామ్మగారూ. పొద్దున్నే చెప్పాను కదా, డాక్టరు గారు వచ్చినప్పుడు అడగమని. ఊరికే ప్రతిదానికీ నా వెంట పడితే నేనేం చెప్పను?"

గొంతులో కోపం లేదు. విసుగు కూడా పెద్దగా లేదు. పని ఉన్నవాళ్లు మాట్లాడినట్టే మాట్లాడింది. ముసలమ్మ సరేనన్నట్టు తలూపి, వరండాలోకి వెళ్లిపోయింది.

"ఎవరావిడ?" అన్నారు సత్యవేదమ్మ గారు.

"ఆడవాళ్ల వార్డులో పేషెంటు తల్లి మేడమ్. పొద్దున్నుంచీ ఏదో ఒకటి అడుగుతూనే ఉంది."

"ఏం అడుగుతోంది?"

నీలవేణి కాస్త ఆలోచించింది. "ఏమో మేడమ్, సరిగ్గా వినలేదు." మళ్లీ పుస్తకంలోకి వచ్చింది. "ఇది చూడండి మేడమ్. రక్తం ఎక్కించే ముందు నర్సు మొట్టమొదట చేయవలసినది ఏది? డాక్టరు రాసిన ఆదేశం చూడడం, సీసా మీది వివరాలు సరిచూడడం, రోగిని పేరు అడగడం, జ్వరం చూడడం. నాలుగూ చేయాల్సినవే కదా. మొదటిది ఏదో ఎలా తెలుస్తుంది?"

"మళ్లీ చదువు."

నీలవేణి మళ్లీ చదివింది. జవాబు తట్టలేదు. సత్యవేదమ్మ గారు కళ్లజోడు తీశారు.

ఆవిడ కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల నాటి సంగతి అది. ఏ ఊరో చెప్పలేదు. ఉత్తరాంధ్రలో ఒక ప్రభుత్వాస్పత్రి అని మాత్రం అన్నారు. ఆవిడతో కలిసి చదువుకున్న కుముదిని అక్కడ మగవాళ్ల సర్జికల్ వార్డులో నర్సు. ఆ బ్యాచిలో అన్ని పరీక్షల్లోనూ కుముదినే మొదట వచ్చేది. చెయ్యి చాలా శుభ్రం. సూది వేస్తే తెలిసేది కాదని రోగులు చెప్పుకునేవారు.

ఆ వార్డులో సన్యాసి అనే రైతుకూలీకి ముందురోజు గిలక, అదే హెర్నియా, ఆపరేషన్ అయింది. బాగానే ఉన్నాడు, రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తామన్నారు. భార్య పైడమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉండేది. పక్క మంచం మీదికి తెల్లవారుజామున జగ్గారావు అనే మనిషిని తెచ్చారు. కడుపులో పుండు పగిలి రక్తం కక్కుకున్నవాడు. వెంట తమ్ముడొక్కడే వచ్చాడు. ఆ తమ్ముడు అతన్ని 'అన్నా' అనే పిలిచాడు కాబట్టి, పేరేమిటో వార్డులో మిగతావారికి తెలియదు. డాక్టరు చూసి, రక్తం ఎక్కించాలని రాశాడు.

పొద్దున కుముదిని సూదులు వేస్తూ సన్యాసి దగ్గరికి వచ్చినప్పుడు పైడమ్మ అడిగింది. "ఇది నిన్నేసిన సూదేనా అమ్మా?"

"నువ్వు చదువుకున్నావా, నేను చదువుకున్నానా?" అంది కుముదిని. "మాటిమాటికీ అడ్డొచ్చావంటే మీ ఆయనకే నష్టం."

అని పక్క మంచానికి వెళ్లింది. వెళ్లాక ఆ మాట అన్నట్టు ఆమెకు గుర్తు కూడా లేదు. అరవై మంచాల వార్డులో, ఇద్దరు చేయాల్సిన పని ఒక్కతే చేస్తోంది.

తర్వాత ఆమె రక్తం కోసం వెళ్లింది. అప్పుడే వాన పట్టుకుంది. ఆ వార్డు కప్పు పాతది. జగ్గారావు మంచం మీదికి చుక్కచుక్కగా నీళ్లు పడసాగాయి. అతను మూలుగుతూ వణుకుతున్నాడు. పైడమ్మ చూడలేకపోయింది.

"ఆ బాబు తడిసిపోతన్నాడు," అంది ఆయాతో. "మావోడు గట్టోడే, కాళ్లు ముడుసుకుని తొంగుంటాడు. ఈ పక్కకి లాగండి."

ఆయా, పైడమ్మ, ఆ తమ్ముడు కలిసి మంచాలు ఇటుది అటు, అటుది ఇటు మార్చారు. కింద ఒక బకెట్టు పెట్టారు. తమ్ముడు మందుల కోసం బజారుకు వెళ్లాడు. ఆ వార్డులో రోగుల కాగితాలు మంచాలకు కట్టేవారు కారు. గోడకు వరసగా నంబర్లు రాసి, ప్రతి నంబరు కింద ఒక మేకు కొట్టి, దానికి తగిలించేవారు. మంచాలు కదిలాయి గానీ మేకులు కదలలేదు. ఆ సంగతి నర్సమ్మకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. వానొచ్చి మంచం జరిపితే అదొక చెప్పుకోవలసిన విషయమా?

కుముదిని సీసా పట్టుకుని వచ్చింది. డాక్టరు ఆదేశం చూసింది. ఇంకో నర్సును పిలిచి, సీసా మీది చీటీ, గోడ మీది కాగితం ఇద్దరూ కలిసి చదివారు. పేరు, రక్తం గ్రూపు అన్నీ సరిపోయాయి. జ్వరం చూసింది. మనిషి సూది మత్తులో నిద్రపోతున్నాడు. అందుకని, పొద్దున తను కసిరిన మనిషేనని గుర్తుపట్టకుండానే, పైడమ్మ వైపు తిరిగి పుస్తకంలో ఉన్నట్టే అడిగింది. "మీ ఆయన పేరేంటమ్మా?"

ఇక్కడ సత్యవేదమ్మ గారు ఆగి నా వైపు చూశారు. వయసులో ఆ గదిలో నేనే పెద్దవాణ్ని. అర్థమైందన్నట్టు తలూపాను. భర్త పేరు నోటితో చెబితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని మా ఇళ్లలోనూ అనుకునేవారు. జనాభా లెక్కల వాళ్లు వస్తే మా అమ్మ మమ్మల్ని ముందుకు తోసేది, నాన్న పేరు మా చేత చెప్పించడానికి. పిల్లలెవరూ ఇంట్లో లేనినాడు, మళ్లీ రమ్మని వాళ్లను పంపేసింది. ఈ కాలం పిల్లలకు ఇదంతా వింతగా ఉంటుంది. నీలవేణికి మాత్రం వింతగా లేదు. "మా నాయనమ్మ కూడా చెప్పేది కాదు మేడమ్," అంది మెల్లగా.

పైడమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది. చుట్టుపక్కల ఆమె బదులు చెప్పగల మనిషి లేడు. కుముదిని ఒక క్షణం ఆగింది. రక్తం వేడెక్కకముందే మొదలుపెట్టాలి. అవతల ఇద్దరు రోగులు పిలుస్తున్నారు.

"జగ్గారావే కదమ్మా?" అంది.

పైడమ్మ తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది. గోడ మీది కాగితాన్ని చూసింది. మళ్లీ తల దించుకుని, ఊ అన్నట్టు ఆడించింది.

రక్తం ఎక్కడం మొదలైంది. కుముదిని కాసేపు దగ్గరే నిలబడి చూసి, అవతలి రోగి కుట్ల దగ్గర రక్తం కారుతుంటే అటు వెళ్లింది. సన్యాసికి మెలకువ వచ్చింది. నడుము విరిగిపోతోందన్నాడు. తర్వాత వణుకు పట్టుకుంది. పైడమ్మ దుప్పటి కప్పింది. దాని మీద తను తెచ్చుకున్న పాత చీర కప్పింది. అరికాళ్లు రుద్దింది. నర్సమ్మను పిలవడానికి రెండుసార్లు లేచి, రెండుసార్లూ కూర్చుందని ఎదురు మంచం ముసలాయన తర్వాత చెప్పాడు. చివరికి ఆ ముసలాయనే కేకేశాడు.

కుముదిని పరుగున వచ్చింది. అలాంటప్పుడు నర్సు మొట్టమొదట ఏం చేయాలో ఆమెకు బాగా తెలుసు. ముందు రక్తం ఆపింది. సెలైన్ పెట్టింది. డాక్టరును పిలిచింది. ఒక్క పనీ వరస తప్పలేదు. అప్పటికే సీసాలో సగం లోపలికి వెళ్లింది. సన్యాసికి మూత్రం నల్లగా వచ్చి, తర్వాత రావడమే మానేసింది. ఆ వారం దాటలేదు. జగ్గారావుకు వేరే రక్తం తెచ్చి ఎక్కించారు. అతను బతికాడు.

విచారణ జరిగింది. స్నేహితురాలికి తోడుగా సత్యవేదమ్మ గారు వెళ్లి వెనక బెంచీ మీద కూర్చున్నారు. రక్తం ఎక్కించే ముందు నర్సు ఏమేం చేయాలని పెద్ద డాక్టరు అడిగితే, కుముదిని పూర్తిగా చెప్పింది. తను అవన్నీ చేశానని కూడా చెప్పింది. అది నిజమేనని రెండో నర్సు సాక్ష్యం ఇచ్చింది.

తర్వాత పైడమ్మను పిలిచారు.

"అది మీ ఆయన పేరు కాదని నీకు తెలుసు కదా," అన్నాడు పెద్ద డాక్టరు. "మరి తలెందుకు ఊపావు?"

పైడమ్మ చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు చూసింది. ఎవరూ కసరడం లేదని తెలిశాక చెప్పింది.

"ఇంటికాడ ఒక పేరు బాబూ, కార్డులో ఒక పేరు. ఆస్పత్రిలో ఇంకోటి రాసుకున్నారేమో అనుకున్నాను. సదువుకున్నోళ్లు, సూసి సదివినారు. కాదంటే ఆ అమ్మకి కోపమొత్తాది. పొద్దున్నే సెప్పింది, అడ్డొత్తే ఆయనకే నట్టమని. నా మూలంగా ఆయనకి సూది సరిగ్గా ఎయ్యకపోతే?"

అప్పుడు కుముదిని తలెత్తి ఆమెను చూసింది. ఆ మాట తను అన్నానా అని గుర్తు తెచ్చుకుంటున్నట్టు చూసిందట. గుర్తొచ్చిందో లేదో సత్యవేదమ్మ గారికి తెలియదు. ఆ తర్వాత కుముదిని నర్సు పని చేయలేదు.

చివరగా గుమాస్తా పైడమ్మ చెప్పినదంతా చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకోబోతూ, పోయిన మనిషి పేరు ఆమె నోటితోనే చెప్పాలన్నాడు. పైడమ్మ వెంట వచ్చిన మరిది, నేను చెబుతానని లేచాడు. ఆమె చేత్తో ఆపింది.

"సన్నాసి," అంది. "ఇంకేటి బయం. ఇప్పుడు సెప్పొచ్చు."

సత్యవేదమ్మ గారు కళ్లజోడు పెట్టుకున్నారు. నా ముందున్న పేపరు మీద మార్కులు వేశానో లేదో నాకు తెలియలేదు. నీలవేణి పుస్తకం మీద పెట్టిన వేలు అక్కడే ఉంది.

"కుముదిని మేడమ్ అన్నీ చేశారు కదా మేడమ్," అంది కొంచెంసేపటికి. "ఒకవేళ రోగి పేరు ఆవిడే అందించకుండా ఉండి ఉంటే..."

"ఉండి ఉంటే బాగుండేది. అది నీ పుస్తకంలో ఉంది. రాస్తే మార్కు వస్తుంది."

"మరి నేనడిగినదానికి జవాబు?"

"ఇంకోసారి చదువు."

నీలవేణి చదివింది. "రక్తం ఎక్కించే ముందు నర్సు మొట్టమొదట..." అక్కడ ఆగిపోయింది.

సత్యవేదమ్మ గారు కిటికీలోంచి వరండా వైపు చూశారు.

"ఆ క్యారియర్ ఆవిడ ఇంకా అక్కడే కూర్చుని ఉంది," అన్నారు.