ఎర్రయ్యమ్మ తలుపు మీద గీత

"గురువుగారూ, వైద్యం అందరికీ అందుతోందని దేన్ని చూసి నమ్మాలి?"

ఈ ప్రశ్న అడిగినప్పుడు సన్యాసిరావు చేతిలో ఒక పట్టిక ఉంది. నిజానికి అది ప్రశ్న కాదు. జవాబు తన చేతిలోనే ఉందని, దాన్ని గురువుగారి నోట వినడమే తరువాయి అని అతని ధీమా. పట్టికలో ముప్ఫై రెండు పల్లెలున్నాయి. ఏ పల్లెకెదురుగా చూసినా పిల్లల్లో నూటికి తొంభై ఏడుగురికి తక్కువ కాకుండా టీకాలు పడ్డట్టే ఉంది. కూర్మనాథంగారు కళ్ళజోడు సవరించుకుని పట్టికను ఒకసారి పైనుంచి కిందికీ, మరోసారి కిందనుంచి పైకీ చదివారు. "బాగా రాశావు నాయనా," అని తిరిగి ఇచ్చేశారు. ఇంకేమైనా అంటారేమోనని కాసేపు నిలబడి, సన్యాసిరావు మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు.

కొండల మధ్య పారే గెడ్డ ఒడ్డున కూర్మనాథంగారు నడిపిన ఆ వైద్యాశ్రమంలో చెప్పుకోదగ్గ యంత్రాలేవీ ఉండేవి కావు. ఆరు మంచాలు, ఒక మందుల గది, పల్లెకొకరు చొప్పున ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు, అంతే. డాక్టరీ చదివిన కుర్రాళ్ళు వచ్చి ఆయన దగ్గర ఏడాదో రెండేళ్ళో పని నేర్చుకునేవారు. ఆయన వాళ్ళతో ఎన్నడూ వాదించేవారు కారు. ఎంత పెద్ద ప్రశ్న వేసినా విని ఊరుకునేవారు. ఆ ఊరుకోవడం తెలివైనవాళ్ళకు మహా కష్టంగా ఉండేది.

సన్యాసిరావు తెలివైనవాడు. వచ్చిన ఆరు నెలల్లోనే అక్కడి పనిలో ఒక లొసుగు పట్టుకున్నాడు. కార్యకర్త నెలకోసారి ప్రతి తలుపూ తట్టి, చంటిపిల్లలున్న ఇంటికి సుద్దతో సున్నా చుట్టేది, లేని ఇంటికి అడ్డగీత గీసేది. టీకాల రోజున సున్నాలున్న ఇళ్ళకు వెళ్తే చాలు. బాగానే ఉంది గానీ, ఆ పల్లెల్లో ఆడవాళ్ళు శుక్రవారం వచ్చిందంటే తలుపులు కడిగి గడపకు పసుపు రాయనిదే పొయ్యి వెలిగించరు. సుద్దరాతలు ఆ నీళ్ళలో కలిసిపోయేవి. మళ్ళీ నెల మళ్ళీ మొదటికే. పండు ముసలివాళ్ళ గుమ్మాల్లో కూడా నిలబడి, "చంటిపిల్లలున్నారా?" అని అడగడం, "ఈ వయసులో నాకు చంటిపిల్లలేటే, నీ నోరు పడిపోనూ!" అని వాళ్ళు నవ్వడం. ఇదంతా దండగ శ్రమ అని సన్యాసిరావుకు తోచింది. సుద్ద మాన్పించి తెల్లరంగుతో గుర్తులు వేయించాడు. గీత ఉన్న గుమ్మం ఎక్కనక్కర్లేదని కార్యకర్తలందరికీ చెప్పాడు. అలా మిగిలిన పొద్దులో కొత్తగా ఏడు పల్లెలకు టీకాలు మోయించాడు. అబద్ధమాడకూడదు, అది మంచి పనే.

రంగు వేయించే ముందు గురువుగారిని అడగకపోలేదు. "కడిగినా పోదుగా?" అన్నారాయన. "పోదండీ, అయిదేళ్ళు ఢోకా లేదు," అన్నాడు శిష్యుడు. "సరే, చెయ్యి," అన్నారాయన. ఆనాడే వద్దని ఉంటే బాగుండేదని ఆశ్రమంలో తరవాత చాలామంది అనుకున్నారు. అనుకోవడంలో తప్పు లేదు.

పట్టిక చూపించిన పది రోజులకు, గెడ్డవలస నుంచి ఎర్రయ్యమ్మ అనే ముసలావిడ, ఆవిడ కూతురు లచ్చిమి, ఒక పసిపిల్లను ఎత్తుకుని మధ్యాహ్నపు ఎండలో ఆశ్రమానికి వచ్చారు. పిల్లకు నాలుగో నెల. దగ్గు తెర వచ్చిందంటే ఊపిరి అందక ఒళ్ళంతా మెలిపడిపోతోంది, పెదాలు నేరేడుపండు రంగుకు తిరుగుతున్నాయి. కోరింత దగ్గని గుమ్మంలోనే తెలిసిపోయింది. సన్యాసిరావు పిల్లను అందుకుని మంచం మీద వేస్తూ, "టీకాలు వేయించారా?" అన్నాడు.

"ఏ టీకాలు బాబూ?" అంది లచ్చిమి.

అతనికి ఒళ్ళు మండిపోయింది. "ఇంటి ముందుకు తెచ్చి వేస్తామంటే వేయించుకోవడానికి కూడా మీకు బద్ధకమేనా?" అని గట్టిగా అరిచాడు. పక్క మంచాల మీది రోగులు తలలు తిప్పి చూశారు. లచ్చిమి తల దించుకుంది.

ఎర్రయ్యమ్మకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. "మా గుమ్మం ఎవులు ఎక్కినారు బాబూ," అంది నెమ్మదిగా. "పక్కింటి దాకా వొచ్చీవోరు. మా తలుపుకేసి సూసి ఎలిపోయీవోరు. మనలాటోల్లకి కాదు గావాలనుకున్నాం. నాను ఒంటి ముండనని, మా ఇంటికి గీత గీసీసినారు కదా. మా లచ్చిమి పురిటికొచ్చింది ఆ తరవాత."

సన్యాసిరావు మళ్ళీ పిల్ల మీదికి వంగాడు. ఆ పిల్లకు తన చేతనైనదంతా చేశాడు. పక్కనుంచి కదల్లేదు, అన్నం ముట్టలేదు. కూర్మనాథంగారు వచ్చి రొమ్ము మీద గొట్టం పెట్టి విని, పట్నం పెద్దాసుపత్రికి పంపుదామని బండి కోసం కబురు చేశారు. బండి రానే వచ్చింది. పిల్లతో అది గెడ్డ దాటేలోగా, మర్నాడు పొద్దెక్కుతూండగా, ఒక దగ్గు తెర వచ్చి అది మళ్ళీ తగ్గలేదు. తల్లి ఏడవలేదు. పిల్లను గుండెకు హత్తుకుని, ఇంకా దగ్గు ఆపుతున్నట్టుగానే వీపు నిమురుతూ కూర్చుంది. ముసలావిడే పిల్లను అందుకుని కొంగులో చుట్టింది.

ఆ సాయంత్రం సన్యాసిరావు ఇద్దరు కార్యకర్తలను పిలిపించాడు. లచ్చిమి అత్తవారి ఊరు చూసే చిన్నమ్మి తన పుస్తకం తెరిచి చూపించింది. "కడుపుతో ఉంది. ఏడో నెల. పురిటికి పుట్టింటికి వెళ్ళినది" అని అందులో పొందిగ్గా రాసి ఉంది. తప్పేమీ లేదు. పురిటికి వెళ్ళిన పిల్ల అయిదో నెలలో మంచిరోజు చూసుకుని బిడ్డతో తిరిగి వస్తుంది. వచ్చాక రాసుకుందామని ఆమె ఉద్దేశం. గెడ్డవలస చూసే నూకాలు పుస్తకంలో ఆ ఇంటికెదురుగా "పిల్లలు లేరు" అని ఉంది. రంగు వేసిన నాటికి అదీ నిజమే. ఎవరి పుస్తకం వాళ్ళకు సరిగ్గానే ఉంది. మధ్యలో ఒక పిల్ల పుట్టి పోయింది.

"గీతున్న ఇంటికి పోవద్దన్నారు కదండీ," అంది నూకాలు. అని, అక్కడితో ఆగలేక చీర చెంగు నోట్లో కుక్కుకుంది. "ఆ ఇంటి ముందునించి మూడు తడవలు నడిసినాను బాబూ. సంటిపిల్ల ఏడుపు ఇన్నాను. నా సెవులతో ఇన్నాను. తలుపు మీద గీత సూసి, ఇక్కడ కాదు, పక్కింట్లో ఏమో అనుకున్నాను."

 సన్యాసిరావు, తిడదామని పిలిపించిన మనిషిని, "ఇంటికెళ్ళమ్మా," అని పంపించేశాడు. ఇంత సిగ్గు అతను పుట్టి బుద్ధెరిగాక పడలేదు. చేసిన ఏర్పాటులో ఎవరూ తప్పు చేయలేదు, అందరూ అతను చెప్పింది చెప్పినట్టే చేశారు. అదే అతన్ని కోసేసింది.

మూడోనాడు గురువుగారు గెడ్డవలసకు పరామర్శకు బయల్దేరితే సన్యాసిరావు వెంట వెళ్ళాడు.  ఊరి పొలిమేరలో అతను ఆగి, "నా వల్లే జరిగిందండీ," అన్నాడు. "సరే అన్నవాణ్ణి నేను," అన్నారాయన, నడక ఆపకుండా.

ఎర్రయ్యమ్మ ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఎవరో సన్నగా, రాగం లేకుండా ఏడుస్తున్నారు. లచ్చిమికి ఏడుపు ఇప్పటికి వచ్చింది కాబోలు. సన్యాసిరావు వీధిలోనే నిలబడిపోయాడు. చంకలో మరణాల పుస్తకం ఉంది. ఊరు రాశాడు, తేదీ రాశాడు, జబ్బు రాశాడు. పేరు దగ్గర ఖాళీ వదిలాడు. ఆ పగలూ రాత్రీ పిల్లకు ఊపిరి పోయడానికి పెనుగులాడాడే గానీ పేరేమిటని అతనూ అడగలేదు, ఆశ్రమంలో మరెవరూ అడగలేదు. పుట్టినట్టు రెండూళ్ళ పుస్తకాల్లోనూ లేదు గనక, వెతికితే దొరికే పేరు కూడా కాదు.

"ఇప్పుడు ఆ తల్లిని కదిలించడం ఎందుకండీ," అన్నాడు గొంతు తగ్గించి. "లచ్చిమి బిడ్డ అని రాసేస్తాను. సరిపోతుంది. లేదంటే నూకాలు ఎప్పుడైనా కనుక్కుని చెబుతుంది."

 కూర్మనాథంగారు శిష్యుడి భుజం మీద చెయ్యి వేశారు.

"తలుపు తట్టి నువ్వే అడుగు నాయనా," అన్నారు. "ఆ బిడ్డ గురించి ఈ ఇంటికొచ్చి మనం అడగడం ఇదే మొదటిసారి."