నోటి మీద వేలు

మా సదాశివం మాస్టారు అడిగినదానికి సూటిగా జవాబు చెప్పిన పాపాన ఎప్పుడూ పోలేదు. బడిపిల్లలకు కొత్తగా యోగా నేర్పుతున్న హైమవతి ఒక ఆదివారం ఆయన దగ్గరికి వచ్చింది. పాటలు పెట్టినా, బిస్కెట్లు పంచినా పిల్లలు ఆవులిస్తూనే ఉన్నారని చెప్పుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. "నా క్లాసులోకి సంతోషం ఎలా తేవాలి మాస్టారూ?" అని అడిగింది. తేవడం సంగతి తనకు తెలియదనీ, ఉన్నదాన్ని పోగొట్టిన సంగతి మాత్రం చెప్పగలననీ అన్నారాయన.

ముప్పై ఏళ్ల కిందట ఆయన ఒక హైస్కూల్లో యోగా చెప్పేవారు. ఏడో తరగతిలో అంకమ్మ అని ఓ నేతగాళ్ల అమ్మాయి ఉండేది. విపరీతమైన నత్తి. హాజరు పలకడానికే చెమటలు పట్టేవి. తోటివాళ్లు వెక్కిరిస్తారని నోరు విప్పడమే మానేసింది. ఆ పిల్లకు సింహాసనం అంటే ప్రాణం. రాజులెక్కేది కాదు లెండి; మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు పెద్దవి చేసి, నాలుక చాచి గర్జించే ఆసనం. గర్జనకు నత్తి ఏముంటుంది? అందరిలోకీ పెద్ద గొంతు అంకమ్మదే. క్లాసంతా పడీపడీ నవ్వేది, అంకమ్మా నవ్వేది. బడిలో ఆ పిల్ల గొంతు వినపడేది రోజూ ఆ కాసేపే.

ఆగస్టు పదిహేనుకి ఎవరో పెద్దలు వస్తున్నారని ప్రదర్శన పెట్టారు. వాళ్ల ముందు నాలుకలు బయటపెట్టడం మర్యాద కాదని మాస్టారు సింహాసనం తీసేశారు. రిహార్సల్లో అంకమ్మ ఉండబట్టలేక గర్జించింది. వరుసలన్నీ చెదిరి పిల్లలు నవ్వుల్లో పడ్డారు. మాస్టారికి ఒళ్లు మండింది. ఆ పిల్లను బయటికి లాగి, నోటి మీద వేలేసుకుని గోడ పక్కన నిలబడమన్నారు. ప్రదర్శన అయ్యేదాకా రోజూ అదే చోటు. ప్రదర్శన బ్రహ్మాండంగా జరిగింది, ఒక్కరూ నవ్వలేదు. పిల్లలు బొమ్మల్లా ఉన్నారని మెచ్చుకుని పెద్దలు ఆయనకు శాలువా కప్పారు. బొమ్మలనే మాట వినగానే ఆయనకు గుండె కలుక్కుమంది.

మర్నాడే క్లాసుకు వెళ్లి, ముందు తనే మోకాళ్ల మీద కూర్చుని నాలుక చాచి గర్జించారట. పిల్లలందరూ నవ్వారు, గర్జించారు. అంకమ్మ కూడా పద్ధతిగా మోకాళ్ల మీద కూర్చుంది, కళ్లు పెద్దవి చేసింది, నోటి మీద వేలేసుకుంది. తప్పు తనదేననీ, వేలు తియ్యమనీ మాస్టారు బతిమాలారు. తియ్యలేదు.

ఆ ఏడాదంతా రోజూ సింహాసనమే వేయించినా ఆ గొంతు మళ్లీ వినలేదనీ, వేసవి సెలవుల తర్వాత అంకమ్మ బడి మానేసి మగ్గం దగ్గర కూర్చుందనీ చెప్పి ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఇంత వయసులోనూ దుఃఖం దాచుకోవడం రాని మనిషి.

నీ క్లాసులో అసలెవరూ నవ్వరా అని హైమవతిని అడిగారు. ఆమె తల దించుకుంది. ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనంలో ఇద్దరమ్మాయిలు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతుంటే, పోయిన వారమే వాళ్లను విడదీసి చెరో మూలా నిలబెట్టిందట. రేపు పొద్దున్నే ఇద్దరినీ పక్కపక్కన నిలబెడతానంది.

"త్వరగా వెళ్లమ్మా," అన్నారు మాస్టారు. "నేనూ మర్నాడే వెళ్లాను."